దర్బారులో ఎవరూ చెయ్యెత్తరు

ఆఫీసు పనికి కొత్తగా దోహా వచ్చే అమ్మాయిలు ఒక్కోసారి నన్ను అడుగుతుంటారు, డాక్యుమెంట్ క్లర్కు పనిలో కష్టమేమిటని. ఫారాలు నింపడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. అరబిక్ అంకెలకు ఒక నెల పడుతుంది. పెద్ద గొంతుతో మాట్లాడే మేనేజర్లకు అలవాటు పడటానికి ఇంకొంచెం. కష్టమైనది వేరే ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసేలోపు ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఆ సంగతి మీకోసం రాస్తున్నాను. అప్పటి డైరీ ముందు పెట్టుకున్నాను. అదంతా మొదలైన శుక్రవారం గురించి అందులో నేను రాసుకున్నది ఒకే ఒక్క వాక్యం: "మీటింగు తొందరగా అయిపోయింది, హమ్మయ్య."

నేను పనిచేసింది ఒక సెక్యూరిటీ కంపెనీలో. ఆఫీసు ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక మందుల షాపు మీద. గార్డులు ఉండే క్యాంపు మెసైమీర్ అవతల. నా గది నజ్మాలో. గది అంటే నలుగురికి నాలుగు మంచాలు, మంచానికొక పరదా. ఒక మలయాళీ నర్సు, ఇద్దరు ఫిలిప్పీన్ అమ్మాయిలు, నేను. ఒకరు లేచే వేళకు ఇంకొకరు వచ్చి పడుకునేవారు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయిని నేను రెండేళ్ళలో నిలబడి ఉండగా చూసింది బహుశా పదిసార్లు. మంచం కింద సూట్‌కేసులో నా తెలుగు పుస్తకాలు ఉండేవి. పరదా లాక్కుని వాటిని చదువుకునేదాన్ని. ఒక్కో వారం మొత్తం మీద నేను పైకి మాట్లాడిన తెలుగు అమ్మతో ఫోనులో మాట్లాడిన పావుగంటే.

మా గార్డుల్లో పద్నాలుగు మంది మాజీ సైనికులు. అందరిదీ తెలంగాణలో ఒకే జిల్లా. మొదట వచ్చినాయన సైన్యంలో సుబేదారుగా చేసి దిగారు, ఇక్కడ మాకు సూపర్‌వైజరు. మిగతావాళ్ళు ఆయన మాట మీద వచ్చినవాళ్ళు. అందరూ ఆయన్ని 'సాబ్' అనేవారు. నేను 'సాబ్ గారూ' అనేదాన్ని. అది విని వాళ్ళు నవ్వేవారు. "మీ గోదావరోళ్ళు దేవునికి గూడ గారు పెడ్తరు," అనేవాడు ఒక హవల్దారు. ఆయన బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండేవాడు. శుక్రవారం క్యాంపులో మటన్ వండేది ఆయనే.

ఒక గురువారం సాబ్ గారు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. వాళ్ళ జిల్లా పరిషత్తు త్వరలో కూర్చుంటోందట. మాజీ సైనికుల కోసం ఏ చట్టం మార్చాలి, ఏ నిబంధన తేవాలి అని తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపుతారట. ఎన్నో అడిగితే ఒక్కటీ జరగదని ఈసారి ముచ్చటగా మూడే అంశాలు పెట్టుకున్నారు. జిల్లాలో మాజీ సైనికుల సంక్షేమం చూసే అధికారి గల్ఫులో ఉన్నవాళ్ళ మాట కూడా కావాలని ఫోను చేశాడు.

"రేపు క్యాంపుల దర్బార్ పెడ్తున్న. రాసేటోళ్ళు కావాలె. నా తెలుగు రాత కోళ్ళు గెలికినట్టుంటది. నువ్వు రావాలె బిడ్డా," అన్నారు. దర్బారంటే సైన్యంలో అధికారి జవాన్లందరినీ కూర్చోబెట్టి కష్టసుఖాలు అడిగే సభ.

పద్నాలుగు మంది మగవాళ్ళ మధ్యకు వెళ్ళి కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. కాదనడానికి కూడా నోరు తెరవాలి కదా. తల ఊపాను.

మరునాడు మెస్ హాల్లో భోజనాలయ్యాక కుర్చీలు వేశారు. ఎవరూ చెప్పకుండానే ర్యాంకు ప్రకారం కూర్చున్నారు. ముందు హవల్దార్లు, తర్వాత నాయక్‌లు, వెనక సిపాయిలు. సైన్యం వదిలి ఏళ్ళు గడిచినా ఎవరి కుర్చీ ఏదో ఎవరూ మరిచిపోలేదు. ఆఖరి కుర్చీలో ఒక సిపాయి. పదిహేడేళ్ళు చేసి సిపాయిగానే దిగినవాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఆఫీసుకు ఏ కాగితానికి వచ్చినా కౌంటరుకు అడుగు దూరంలో ఆగి, నేను తలెత్తేదాకా పలకడు. నాకు ఆయనంటే కొంచెం ఇష్టం. నోరు లేని నాలాంటి మనిషే అనిపించేది.

సాబ్ గారు కాగితం చూసి మూడు అంశాలు చదివారు. మాజీ సైనికుడి ఇంటికి పన్ను మినహాయింపు ప్రతి పంచాయతీలోనూ తప్పనిసరిగా అమలు కావాలి. సైనికులకిచ్చిన భూమిని అమ్ముకునేందుకు అనుమతి పత్రం మూడు నెలల్లో ఇవ్వాలి. జిల్లా కేంద్రంలో సైనిక భవనం కట్టాలి. మూడోది చదువుతున్నప్పుడు ఆయన గొంతు మారింది. పదేళ్ళుగా ఆ భవనం కోసం తిరుగుతున్నారని అందరికీ తెలుసు. దాని ప్లాను ఆయన ఫోనులో ఉంది. క్యాంటీన్ ఎక్కడ, ఊళ్ళ నుంచి వచ్చిన ముసలి సైనికులు రాత్రి పడుకునే గది ఎక్కడ, అన్నీ నాకూ రెండుసార్లు చూపించారు.

"ఎవరికన్న ఏమన్న చెప్పుకునేది ఉన్నదా?"

"నై సాబ్!" అందరూ ఒకేసారి.

మటన్ వండే హవల్దారు మాత్రం, "క్యాంటీన్ల రమ్ము ఇప్పటి రేటుకే ఉండాలని గూడ రాయిన్రి సాబ్," అన్నాడు. నవ్వులు.

తర్వాత నేను ఫారం పట్టుకుని వరసన తిరిగాను. పేరు, సర్వీసు నంబరు, ర్యాంకు, చేసిన ఏళ్ళు, చివర 'సొంతంగా చెప్పదలచుకున్నది' అని ఒక గడి. అందరూ సాబ్ చెప్పినవే అన్నారు. ఆఖరి సిపాయి దగ్గరికి వచ్చాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"మీరేమైనా చెప్తారా అండీ?"

"నాదేం లేదు మేడమ్. సాబ్ చెప్పినయే."

'ఏమీ లేదు' అని రాశాను. ఆయన కూర్చోలేదు. నేను కాగితాలు సర్దుతుంటే, "గిది ఎప్పుడు పోతది మేడమ్?" అన్నాడు.

"ఆదివారం అండీ."

"మంచిది," అన్నాడు. ఇంకా నిలబడే ఉన్నాడు.

నేను ఇక్కడ ఆగి మీకు నిజం చెప్పాలి. ఏమీ లేని మనిషి కాగితం ఎప్పుడు పోతుందని అడగడు. ఆ సంగతి ఈ భూమ్మీద ఎవరికైనా తెలియాలంటే నాకే తెలియాలి. చెప్పాల్సింది గొంతులో పెట్టుకుని, సంబంధం లేని ప్రశ్న ఒకటి వేసి, అవతలివాళ్ళు 'ఏమిటి సంగతి' అని అడుగుతారేమోనని నిలబడటం, బడిలో, కాలేజీలో, ఆఫీసులో నేను చేస్తూ వచ్చిన పని. అది చూశాను. గుర్తుపట్టాను కూడా. కానీ బయట బస్సు హారను కొట్టింది, నా చీకాకు తీరిపోయే క్షణం వచ్చింది. "వస్తానండీ," అని బయటికి వచ్చేశాను.

ఆదివారం పొద్దున రెండు కాగితాలు పంపాను. జిల్లాకు సాబ్ గారి మూడు అంశాలు, మా మేనేజరుకు ఆ వారం మొదలుకుని నెల రోజుల సెలవుల జాబితా. రెండోది నా మామూలు పని. సెలవు కాగితం ఇచ్చినవాళ్ళలో ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు ఆగగలరు అని నేనే కనుక్కుని సర్దేదాన్ని. మేనేజరు సంతకం పెట్టాక ఇక మారదు.

సోమవారం ఆ సిపాయి కౌంటరుకు అడుగు దూరంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సెలవు కాగితం.

వాళ్ళ అమ్మాయికి నర్సింగు కాలేజీలో సైనికుల పిల్లల కోటాలో సీటు వచ్చే ర్యాంకు వచ్చింది. కోటా కావాలంటే జిల్లా ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రం ఉండాలి. దానికి తండ్రి స్వయంగా, సైన్యం వదిలేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం పట్టుకుని, అధికారి ఎదుట కనబడాలి. భార్య వెళితే చెల్లదు. ఫోటో చెల్లదు. ఆ శనివారమే ఆఖరి రోజు.

"శుక్రవారం ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "దర్బార్ల సిపాయి మాట్లాడడు మేడమ్. ముందుగాలనే హవల్దార్‌కు చెప్పాలె. ఆయన సాబ్‌కు చెప్తడు. సాబ్ దర్బార్ల చదువుతడు. నేను ఇరవై రోజులకింద్నే చెప్పిన. సాబ్ చదవలే. అంటే కుదరదన్నట్టే గదా. ఇగ మల్ల లేచి అడుగుతే ఏం బాగుంటది?"

"మరి నేను అడిగాను కదండీ."

"మీరు సాబ్ ముందట అడిగిన్రు."

మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాగితం చూడనుకూడా లేదు. "జాబితా మీరే ఇచ్చారు. ఖలాస్. వచ్చే నెల చూద్దాం." ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి సైటుకూ మనుషుల్ని లెక్కగట్టి ఒప్పుకున్న కంపెనీ అది. జాబితాలో ఇద్దరు పెళ్ళిళ్ళకు వెళుతున్నవాళ్ళు ఉన్నారు. ఒకరిని వెనక్కి జరిపితే సరిపోయేది, శుక్రవారం నాకు తెలిసి ఉంటే. అప్పటికే వాళ్ళకు టిక్కెట్లు కొనేశారు.

సాయంత్రం గార్డుల బస్సు దగ్గర హవల్దారును పట్టుకున్నాను. ఆయన దాచలేదు.

"చెప్పిండు చెల్లె, ఎందుకు చెప్పలే! నేనే సాబ్‌కు చెప్పలే. అది ఆని సొంత గోస. జిల్లా పరిషత్తు తీర్మానంల సొంత గోస రాస్తరా? రేపు ఇంకొగడు మా బర్రె ఈనుతలేదంటడు. అది గూడ సర్కారుకు పంపుతవా?"

బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆయన అన్నది సమంజసంగానే ఉంది. ఒకడికి కావలసింది ఎక్కడ ఒకడిదిగా ఆగుతుంది, ఎక్కడ అందరిదీ అవుతుంది? గదికి వచ్చి పరదా వేసుకున్నాను. ఏ పుస్తకమూ తెరవలేదు. మా ఆఫీసులో అందరి బీమా కాగితాలూ నా చేతి మీదుగా వెళతాయి కదా, వాటిలో పిల్లల పేర్లు, వయసులు ఉంటాయి కదా, అని తట్టింది.

మంగళవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి ఫైళ్ళు తీశాను. పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి మరో నాలుగైదేళ్ళలో కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారు. హవల్దారుకు కవలలు. ఆ తొమ్మిది మందీ ఏదో ఒక ఏడు ఇదే కాగితం కోసం విమానం ఎక్కాల్సినవాళ్ళే. ఒక్క జిల్లాలోనే, ఒక్క కంపెనీలోనే ఇంతమంది.

సాబ్ గారి గదికి వెళ్ళాను. చెప్పలేనని నాకు తెలుసు. అందుకని అంతా ఒక పేజీ రాసి పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. రెండోసారి చదివారు.

"ఏందమ్మా ఇది? నాకు వాడు ఒక్క మాట చెప్పకపాయె."

"దర్బారులో సిపాయి మాట్లాడడంట సాబ్ గారూ."

ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇరవై ఎనిమిదేండ్లు దర్బార్ల కూసున్న. ఎవరికన్న ఏమన్న ఉన్నదా అని అడిగితే ఒక్క సిపాయి చెయ్యెత్తలే. నేను సిపాయిగ ఉన్నప్పుడు నేను గూడ ఎత్తలే. మల్ల సుబేదార్ అయినంక ఏమనుకున్న? అందరు మంచిగనే ఉన్నరు అనుకున్న." నవ్వబోయి ఊరుకున్నారు.

బుధవారం పది గంటలకు జిల్లా అధికారితో వీడియో కాల్ ఉంది. మూడు అంశాలు ఖాయం చేయడానికి. ఆ తర్వాత మార్చడానికి ఉండదు.

"మూడే అన్నరు. నాలుగోదానికి జాగ లేదు," అన్నారు సాబ్ గారు. నా చేతిలో కలం తీసుకుని సైనిక భవనం మీద గీత కొట్టారు. ఒక్క గీత. నేను వద్దనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదేమో. కనీసం ఆ ప్లాను బాగుందని.

బుధవారం సిపాయిని డ్యూటీ నుంచి గంట అనుమతితో పిలిపించారు. ఆయన యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. లాప్‌టాప్ ముందు సాబ్ గారు, పక్కన నేను. తెర మీద అధికారి కనిపించగానే సిపాయి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"చొక్క గుండీలు కనవడుతున్నయ్," అన్నాడు అధికారి. "మనిషి ఏడి?"

"కూసో," అన్నారు సాబ్ గారు.

ఆయన కూర్చోలేదు. కూర్చోలేకపోయాడు.

"చెప్పు మరి."

"అంత మంచిగనే ఉంది సాబ్."

సాబ్ గారు నా వైపు చూశారు. తర్వాత లేచి, తన కుర్చీని సిపాయి వైపు జరిపి, "నేనుంటే నువ్వు చెప్పవురా," అని బయటికి వెళ్ళిపోయారు. అద్దం తలుపు అవతల మాకు వీపు పెట్టి నిలబడ్డారు. అప్పుడు సిపాయి ఆ కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఇప్పుడు గదిలో ఇద్దరం. ఇద్దరికీ నోరు రాదు. అధికారి "హలో, హలో, దోహా?" అంటున్నాడు. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు. కానీ పక్కన ఆ మనిషి మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, డిశ్చార్జి పుస్తకాన్ని వేళ్ళతో నొక్కుతున్నాడు.

"మీ అమ్మాయి ఏం చదువుతుందండీ?" అని అడిగాను, తెరను కాకుండా ఆయన్ని చూస్తూ.

"నర్సింగు మేడమ్."

"కాగితం కోసం ఎవరు రావాలన్నారు?"

"నేనే రావాలన్నరు."

"ఎందుకు వెళ్ళలేకపోతున్నారు?"

అప్పుడు మొదలుపెట్టాడు. మెల్లగా, నాకే చెబుతున్నట్టు. ఆరేళ్ళలో మూడుసార్లు ఇంటికి వెళ్ళాడు. మొదటిసారి తల్లి పోయినప్పుడు, రెండోసారి ఇదే ఆఫీసులో గుర్తింపు కార్డు కోసం, మూడోసారి సెలవు మీద. "నేను బతికే ఉన్ననని ఫోన్ల కనవడ్తున్న గదా సార్. పుస్తకం గిట్ల చూపిస్త. మీరు నన్ను చూసిన్రు, నేను మిమ్ముల చూసిన. ఇంకేం కావాలె?" అన్నాడు చివరకు. పుస్తకాన్ని కెమెరాకు దగ్గరగా పెట్టాడు. మరీ దగ్గరగా. తెరంతా ఎర్రగా అయిపోయింది.

నేను తొమ్మిది మంది సంగతి చదివి వినిపించాను. నాలుగు వాక్యాలు. రెండుసార్లు నీళ్ళు తాగాను.

అధికారి రాసుకున్నాడు. "ఇది మంచి పాయింటు. విదేశాలల్ల ఉన్న మాజీ సైనికులకు వీడియోల ధ్రువీకరణ. మూడోదిగా పెడ్త. తీర్మానం పాస్ చేపిస్తం." కలం పక్కన పెట్టాడు. "కని తీర్మానం సర్కారుకు పోవాలె, ఉత్తర్వు రావాలె. అది ఇప్పట్ల కాదు. నీ బిడ్డ కోసమైతే నువ్వు రావాల్సిందేనయ్యా. నా చేతుల లేదు."

"సమజైంది సార్," అన్నాడు సిపాయి. లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. తెర మీద మళ్ళీ గుండీలు.

మధ్యాహ్నం రాజీనామా ఇచ్చాడు. వీసా రద్దు కాగితాలు నేనే చేశాను, మామూలుగా వారం పట్టే పనిని రోజున్నరలో. నా నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను అంత వేగంగా చేసిన పని అదొక్కటే. గురువారం రాత్రి విమానం. హవల్దారు దారిలో తినడానికి మటన్ డబ్బా కట్టిచ్చాడు, ఒక్క జోకు కూడా వెయ్యకుండా.

శనివారం ఆయన నాకు ఫోను చేశాడు. నజ్మాలో పరదా వెనక కూర్చుని ఉన్నాను.

"అయింది మేడమ్. పన్నెండు నిమిషాలు. పుస్తకం చూసిన్రు, సంతకం పెట్టిచ్చుకున్నరు, ముద్ర కొట్టిన్రు." నవ్వాడు. "పన్నెండు నిమిషాల పనికి ఇంత దూరం వచ్చిన."

పక్కన ఎవరో ఆడపిల్ల గొంతు 'నాన్నా, అన్నం' అంది. ఆయన ఉంటానని చెప్పాడు. ఫోను పెట్టేశాను. పక్క మంచంలో అమ్మాయి నిద్రలో పక్కకు తిరిగింది. సంతోషమో దుఃఖమో, దాన్ని చెప్పుకోవడానికి ఆ గదిలో నా భాష తెలిసినవాళ్ళు లేరు.

తీర్మానం పాసయింది. ఆ కాగితం సాబ్ గారు నాకు చూపించారు. సైనిక భవనం అందులో లేదు. మరుసటి ఏడు ఆయన సర్వీసు చాలించుకుని వెళ్ళిపోయారు. నేనూ ఆ కంపెనీ వదిలి ఇప్పుడు ఒక దంతవైద్యశాల రిసెప్షన్‌లో ఉన్నాను. అక్కడ అడగడమే నా పని. నొప్పి లేదని చెప్పి, బుగ్గ పట్టుకుని నిలబడే మనుషుల్ని రోజూ చూస్తాను. రెండోసారి అడుగుతాను, పక్కకు తీసుకెళ్ళి. మీరూ అడగండి. మొదటిసారి వచ్చే జవాబు చాలాసార్లు మీకు కాదు, మీ వెనక నిలబడ్డ పెద్దవాళ్ళకు.

ఉత్తర్వు ఇంకా రాలేదు. అది నా ఉద్యోగంలో భాగం కాదు, ఎవరూ నన్ను అడగలేదు కూడా. అయినా నెలకొక సోమవారం టిఫిన్ వేళ ఆ జిల్లా ఆఫీసుకు ఫోను చేస్తాను. మొదటిసారి డయల్ చేయడానికి నాకు ఐదు రోజులు పట్టింది. ఇప్పుడు అక్కడి గుమాస్తాకు నా గొంతు తెలుసు. "దోహా అమ్మాయివా? ఫైలు నడుస్తున్నదమ్మా," అంటాడు.

పోయిన సోమవారం ఇంకో మాట కూడా అన్నాడు. హైదరాబాదు నుంచి ఫైలు వెనక్కి వచ్చిందట, మరో రెండు జిల్లాలు కూడా ఇదే అడుగుతున్నాయని, మొదట ఎవరు అడిగారో వివరాలు రాసి పంపమని.

"సుబేదార్ సాబ్ పేరు రాయాల్నా?" అన్నాడు. "ఆయనదే గదా అప్పటి లెటరు."

"కాదండీ," అన్నాను.

"మరి ఎవలది? ర్యాంకు చెప్పు ముందు."

"సిపాయి," అన్నాను. ఆయన పేరు చెప్పాను. సర్వీసు నంబరు కూడా చెప్పాను, ఏ కాగితమూ చూడకుండా. అవతల ఆయన ఒక్కొక్క అంకె పైకి పలుకుతూ రాసుకున్నాడు.